రోసలిండ్ ఫ్రాంక్లిన్ మీద సెమినార్ ఇవ్వాలి: ఆ ఒక్క ఫోటో తప్ప ఇంకేం చెప్పొచ్చు?

ప్రశ్న: మైత్రి_మల్కాజిగిరి

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సైన్స్ డేకి మా డిపార్ట్‌మెంట్‌లో ఒక్కొక్కరం ఒక శాస్త్రవేత్త గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నాకు రోసలిండ్ ఫ్రాంక్లిన్ వచ్చారు. నెట్‌లో ఎక్కడ వెతికినా ఒకటే కథ. ఆమె డీఎన్ఏ ఫోటో తీశారు, వేరేవాళ్లు దాన్ని వాడుకుని నోబెల్ తెచ్చుకున్నారు. రెండు స్లైడ్లలో అయిపోతుంది. మా మేడమ్ కూడా "అది అందరికీ తెలిసిందే, ఇంకేమైనా చెప్పు" అన్నారు.

ఆమె ముప్పై ఏడేళ్లకే చనిపోయారు కదా. అంత చిన్న జీవితంలో ఆ ఫోటో కాకుండా ఏం చేశారు? అసలు ఎక్స్‌రేలతో ఆమె పని ఎలా ఉండేది?

ఇంకొకటి నా సొంత విషయం. చదివేకొద్దీ నాకు ఈ లైన్ మీద ఇష్టం పెరుగుతోంది. కానీ ప్రొటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌లోనే ఊహించే ఆల్ఫాఫోల్డ్ వచ్చాక, ఎక్స్‌రేల కోసం ప్రొటీన్ క్రిస్టల్స్ పెంచే పనికి కాలం చెల్లిపోయిందని ఒక సీనియర్ అన్నారు. నాన్నేమో ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగం చూసుకోమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: రాఘవ_కూకట్‌పల్లి

మా రోజుల్లో ఇంటర్ పుస్తకంలో వాట్సన్, క్రిక్ అని రెండు పేర్లే చదువుకున్నాం. ఈమె పేరు నేను విన్నది ఉద్యోగంలో చేరాక. మీరన్న ఆ డీఎన్ఏ ఫోటోని ఫోటో 51 అంటారు, అది ఆమె ల్యాబ్‌లో తీసిందే. డీఎన్ఏ నిర్మాణానికి 1962లో నోబెల్ వాట్సన్, క్రిక్‌లకు, ఆమె కాలేజీలోనే పనిచేసిన విల్కిన్స్‌కు వచ్చింది. ఆమె 1958లోనే చనిపోయింది. నన్నడిగితే ఆ అన్యాయం గురించే గట్టిగా చెప్పండి. మన అమ్మాయిలకు అది తెలియాలి.

జవాబు: సరళ_హబ్సిగూడ

మైత్రీ, రాఘవ గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదమ్మా. కానీ ఇరవై నిమిషాలూ ఆ అన్యాయం మీదే మాట్లాడితే ఆమె చేసిన పని మళ్లీ మరుగున పడిపోతుంది. నువ్వు బొగ్గుతో మొదలుపెట్టు.

నేను హబ్సిగూడ వైపు ఒక పరిశోధనాలయంలో ఎక్స్‌రే గది చూసుకునేదాన్ని. ఈమధ్యే రిటైరయ్యాను. ప్రొటీన్ క్రిస్టల్‌ని ఎక్స్‌రేల ముందు నిలబెట్టి డేటా తీసివ్వడం నా ఉద్యోగం. ఫ్రాంక్లిన్ పేపర్లు ఎప్పుడు తిరగేసినా, శాంపిల్‌ని ఇంత శ్రద్ధగా చూసుకున్న మనిషి ఎలా ఉండేదో అనిపిస్తుంది. నాకు ఆమె మీద గౌరవం అక్కడే మొదలైంది.

ఆమె 1920 జులై 25న లండన్‌లో పుట్టింది. కేంబ్రిడ్జ్‌లో కెమిస్ట్రీ చదివి, యుద్ధం నడుస్తుండగా 1942లో బొగ్గు వాడకం మీద పనిచేసే ఒక బ్రిటిష్ పరిశోధన సంస్థలో చేరింది. బొగ్గు పెళ్ల పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల మాత్రం కంటికి ఆనని సందులు బోలెడు. హీలియం లాంటి చిన్న వాయువు ఎంత లోపలికి దూరుతుంది, అంతకన్నా పెద్ద అణువులు ఎక్కడ ఆగిపోతాయి అని కొలిచి, ఆ సందుల సైజు తేల్చింది. వేడి చేస్తే ఆ దారులు ఎలా ఇరుకవుతాయో కూడా చూపించింది. 1945లో ఆమెకు డాక్టరేట్ వచ్చింది ఈ పని మీదే. మీ క్లాసులో గోదావరిఖని, కొత్తగూడెం పిల్లలుంటే ఈ భాగం శ్రద్ధగా వింటారు.

1947లో పారిస్ వెళ్లి జాక్ మెరింగ్ దగ్గర ఎక్స్‌రే పని నేర్చుకుంది. కొన్ని కార్బన్లు బాగా వేడి చేస్తే గ్రాఫైట్‌గా మారతాయి. కొన్ని మూడు వేల డిగ్రీలకు తీసుకెళ్లినా మారవు. ఎందుకో 1951లో అచ్చయిన పేపర్‌లో వివరించింది. సోడియం-అయాన్ బ్యాటరీల్లో వాడే హార్డ్ కార్బన్ ఆ రెండో రకమే. బ్యాటరీల మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ పేపర్‌ని పేర్కొంటారు. అంటే డీఎన్ఏని ముట్టుకోకముందే ఆమెకు తన రంగంలో పేరుంది. ఎవరి ల్యాబ్‌లోనో ఫోటోలు తీసిపెట్టడానికి వచ్చిన అసిస్టెంట్ కాదు ఆమె. ఈ మాట తప్పకుండా చెప్పు.

1951 జనవరిలో లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చింది. అక్కడ రేమండ్ గాస్లింగ్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఆమె కింద పనిచేశాడు. డీఎన్ఏ స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. బెర్న్‌లో రుడాల్ఫ్ సిగ్నర్ దూడ థైమస్ నుంచి తీసిన చాలా మంచి శాంపిల్ అది. దాన్ని తడిపి లాగితే సన్నటి పోగులు వస్తాయి. ఆ పోగుని ఎక్స్‌రేల ముందు పెట్టి, వెనక ఫిల్మ్ మీద పడే మచ్చలు చూడాలి. అప్పటిదాకా తీసినవాళ్ల ఫోటోల్లో మచ్చలు ఒకదానిమీదొకటి పడి మసకగా ఉండేవి. కారణం తేమ అని ఆమె పట్టుకుంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలో అప్పడాలు మెత్తబడినట్టు, డీఎన్ఏ పోగు కూడా చుట్టూ ఉన్న తేమని పీల్చుకుని మారిపోతుంది. ఆమె కెమెరాలో గాలి తీసేసి హైడ్రోజన్ పంపేది. ఆ హైడ్రోజన్‌ని ముందు ఉప్పు ద్రావణాల గుండా పోనిచ్చి, తేమ ఎంత కావాలో అంతే ఉంచేది. 75 శాతం తేమ దగ్గర పోగు ఒక రూపంలో ఉంటుంది, దానికి ఏ అని పేరు. 92 శాతం దగ్గర ఇంకో రూపం, అది బీ. నీళ్లు తాగి పోగు పొడవు సాగుతుంది. ఆరబెడితే మళ్లీ ఏ రూపానికి వచ్చేస్తుంది. ముందటివాళ్ల ఫోటోల్లో ఈ రెండూ కలిసిపోయి ఉండేవి.

ఇక్కడ కాసేపు ఆగి చెప్పమ్మా, ఎందుకంటే అసలు సంగతి ఇదే. నీళ్లు ఇంత తేలిగ్గా లోపలికీ బయటికీ పోతున్నాయంటే, డీఎన్ఏలో నీళ్లని ఇష్టపడే భాగాలైన ఫాస్ఫేట్లు బయటివైపు ఉండాలి. ఈ మాట ఆమె 1951 నవంబర్‌లో ఒక ఉపన్యాసంలోనే చెప్పింది. వాట్సన్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. తర్వాత అతను, క్రిక్ కలిసి ఫాస్ఫేట్లు లోపల పెట్టి మూడు పోగుల (అణువు గొలుసుల) మోడల్ కట్టారు. ఆమె కేంబ్రిడ్జ్ వెళ్లి చూసి, ఇందులో నీళ్లకు చోటేదని అడిగింది. ఆ మోడల్ అక్కడితో మూలకు పోయింది. అంటే పేరుమోసిన ఆ ఫోటో తీయడానికి నెలల ముందే, తేమ మీద చేసిన పని ఒక తప్పుడు మోడల్‌ని ఆపింది.

తేమ అనేసరికి నేను వదలలేను. మా గదిలో క్రిస్టల్‌ని లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించే పద్ధతి రాకముందు, సన్నటి గాజు కేపిల్లరీలోకి క్రిస్టల్‌ని తీసుకుని, పక్కన చుక్క మదర్ లిక్కర్ (క్రిస్టల్ పెరిగిన ద్రావణం) వదిలి, రెండు చివరలా మైనంతో మూసేవాళ్లం. లోపలి తేమ పోకుండా ఉండాలని. మే నెలలో మన ఊరి పొడిగాలి సంగతి తెలుసు కదా. మైనం ఒక పక్క సరిగా అంటకపోతే చాలు, తెల్లారేసరికి క్రిస్టల్‌లో చీలికలు. ఫిల్మ్ మీద మచ్చలన్నీ సాగిపోయి దేనికీ పనికొచ్చేవి కాదు. క్రిస్టల్ పెంచిన అమ్మాయి మొహం చూడలేకపోయేదాన్ని. అందుకే హైడ్రోజన్, ఉప్పు ద్రావణాలు అని ఆ పేపర్‌లో కనబడగానే ఆమె ఎంత ముందుచూపుతో పనిచేసిందో నాకు తెలిసిపోయింది.

ఇక ఫోటో 51. 1952 మే నెలలో ఆమె పర్యవేక్షణలో గాస్లింగ్ తీశాడు. బీ రూపం. ఒక్క ఫోటోకి అరవై గంటలకు పైగా ఎక్స్‌రేలు పడనివ్వాలి, అంతసేపూ తేమ కదలకూడదు. మధ్యలో కనిపించే పెద్ద ఇంటూ గుర్తు మెలికని (హెలిక్స్‌ని) చూపిస్తుంది. అడ్డ వరసల మధ్య దూరం నుంచి ఒక చుట్టు 34 ఆంగ్‌స్ట్రామ్‌లని (పది ఆంగ్‌స్ట్రామ్‌లు ఒక నానోమీటర్), పైనా కిందా ఉన్న ముదురు మచ్చల నుంచి డీఎన్ఏ నిచ్చెనలో మెట్టుకీ మెట్టుకీ 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లని తెలుస్తుంది. అంటే చుట్టుకి పది మెట్లు. స్లైడ్ మీద వేలుపెట్టి చూపించు, నోటితో చెబితే ఎవరికీ అర్థం కాదు.

ఆమె ఆ ఫోటోని పక్కన పెట్టి ఏ రూపం మీద పనిచేసిందని కొందరు తప్పుపడతారు. నేను ఒప్పుకోను. ఏ రూపంలో మచ్చలు ఎక్కువ, పదునూ ఎక్కువ. కొలిచి లెక్కకట్టాలనుకునేవాళ్లు ఎవరైనా అదే ఎంచుకుంటారు. కంప్యూటర్ లేకుండా, సైన్, కొసైన్ విలువలు అచ్చువేసిన అట్టముక్కలు పేర్చుకుని, కూడికలు చేసుకుంటూ పోయింది. ఆ దారిలో ఏ రూపం మెలిక కాదేమోనన్న అనుమానం ఆమెను కొన్నాళ్లు వెనక్కి లాగిన మాట నిజం. అదీ చెప్పు, దాచాల్సిన పనిలేదు.

మైత్రి_మల్కాజిగిరి

సరళ మేడమ్, చాలా చాలా థ్యాంక్స్. నేను ఫాస్ఫేట్ల సంగతి ఎక్కడా చదవలేదు. ఇంకో రెండు అడగొచ్చా? ఫోటో నిజంగా దొంగిలించారా? ఎక్స్‌రేల వల్లే ఆమెకు క్యాన్సర్ వచ్చిందని ఒక వీడియోలో చెప్పారు, అది స్లైడ్‌లో పెట్టొచ్చా?

జవాబు: సరళ_హబ్సిగూడ

ముందు ఫోటో. దొంగతనం అనే మాట వాడకు. జరిగింది జరిగినట్టు చెబితే అంతకన్నా బలంగా ఉంటుంది. 1953 మొదట్లో ఆమె కింగ్స్ కాలేజీ వదిలి వెళ్లిపోతోంది, గాస్లింగ్ మళ్లీ విల్కిన్స్ కిందికి వచ్చాడు. ఫోటో అలా విల్కిన్స్ చేతికి చేరింది. జనవరి 30న ఆయన దాన్ని వాట్సన్‌కి చూపించాడు. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. కానీ అందరూ ఫోటో దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో దానికన్నా పెద్దది, ఆమె కొలతలున్న రిపోర్టు. కింగ్స్ ల్యాబ్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్‌కి ఇచ్చిన రిపోర్టులో ఆమె ఏ రూపం యూనిట్ సెల్ (క్రిస్టల్‌లో మళ్లీ మళ్లీ వచ్చే అతిచిన్న గడి) కొలతలు, సిమెట్రీ రాసింది. కేంబ్రిడ్జ్‌లో క్రిక్ పనిచేసే ల్యాబ్‌లోని మాక్స్ పెరూట్జ్ ద్వారా అది క్రిక్ చేతికి వచ్చింది. ఆ సిమెట్రీ చూసే, రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయని క్రిక్ గ్రహించాడు. ఫోటో ఈ పని తెలిసినవాళ్లు ఎవరు చూసినా మెలిక అని చెప్పగలరు. ఈ కొలతలు నెలల తరబడి కూర్చుని తీసినవి.

1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో మూడు పేపర్లు వరసగా వచ్చాయి. ఫ్రాంక్లిన్, గాస్లింగ్‌లది మూడోది, వాట్సన్-క్రిక్ మోడల్‌కి సాక్ష్యంలాగా. నిజానికి మార్చి 17 తేదీ వేసిన ఆమె చిత్తుప్రతిలో బీ రూపం రెండు పోగుల మెలిక అని అప్పటికే ఉంది.

క్యాన్సర్ మాట స్లైడ్‌లో పెట్టకు. ఆమెకు వచ్చింది అండాశయ క్యాన్సర్. ఎక్స్‌రేల వల్లే అని చూపే ఆధారం లేదు. మేం కోటుకి, ఒంటి మీద ఎంత రేడియేషన్ పడిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుని, మూడు నెలలకోసారి రీడింగ్‌కి పంపేవాళ్లం. నువ్వు ఈ పనిలోకి వస్తే ఆ భయం అక్కర్లేదు. మెషీన్ చుట్టూ సీసపు గాజు తలుపులుంటాయి, తలుపు తీస్తే షట్టర్ దానంతటదే మూసుకుంటుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని భాగం. 1953 మార్చిలో ఆమె బిర్క్‌బెక్ కాలేజీకి, జె.డి. బెర్నాల్ ల్యాబ్‌కి వెళ్లి వైరస్‌ల మీద పని మొదలుపెట్టింది. పొగాకు మొజాయిక్ వైరస్. గుంటూరు, ఒంగోలు వైపు పొగాకు రైతులకు ఈ తెగులు తెలుసు, ఆకు మీద ముదురు పచ్చ, లేత పచ్చ మచ్చలు పడతాయి. ఆ వైరస్ సన్నటి కడ్డీ ఆకారంలో ఉంటుంది, పొడవు 300 నానోమీటర్లు. ప్రొటీన్ ముక్కలు మెలికగా పేరుకుని ఉంటాయి, మధ్యలో బోలు. దాని జన్యుపదార్థం ఆర్ఎన్ఏ ఎక్కడుంది అన్నది ప్రశ్న. ఆ బోలులోనే ఉంటుందని అనుకోవడం సహజం. ఆమె మామూలు వైరస్‌ని, ఆర్ఎన్ఏ లేకుండా ప్రొటీన్‌తోనే కట్టిన కడ్డీని పోల్చి, ఆర్ఎన్ఏ బోలులో లేదని, మధ్య అక్షం నుంచి 40 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ప్రొటీన్‌లోనే పొదిగి ఉందని 1956లో తేల్చింది. ఒక వైరస్ తన జన్యుపదార్థాన్ని ఎలా దాచుకుంటుందో ఇంత వివరంగా చెప్పిన పని అది. నా మటుకు నాకు ఆమె పనిలో ఇదే అన్నిటికన్నా గొప్పది. డీఎన్ఏ ఆమె చేతిలో రెండేళ్లే ఉంది, అదీ మాటామంతీ లేని ల్యాబ్‌లో. బిర్క్‌బెక్‌లో ఆమెకు సొంత బృందం ఉంది. ఆరన్ క్లుగ్, జాన్ ఫించ్, కెన్నెత్ హోమ్స్. క్లుగ్‌కి 1982లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

1956లో అమెరికా పర్యటనలో ఉండగా జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. ఆపరేషన్లు అయ్యాయి. కోలుకునే రోజుల్లో కొంతకాలం క్రిక్ దంపతుల ఇంట్లోనే ఉంది. సినిమా కథలో విలన్లు, బాధితులు అని గీత గీస్తారే, అది ఇక్కడ సరిపోదు. చికిత్స సాగుతుండగానే పోలియో వైరస్ మీద పని మొదలుపెట్టింది. 1958 ఏప్రిల్ 16న పోయింది. మరుసటి ఏడాది ఫించ్, క్లుగ్ పోలియో వైరస్ నిర్మాణం మీద పేపర్ వేసి దాన్ని ఆమె జ్ఞాపకానికి అంకితం చేశారు.

మన దేశానికీ ఒక కొస ఉంది. అదే బెర్నాల్ 1952లో మద్రాసు వచ్చినప్పుడు, చర్మం, ఎముకల్లో ఉండే ప్రొటీన్ కొలాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని అక్కడి శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్‌కి చెప్పారు. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కంగారూ తోకలోని కొలాజెన్‌ని ఎక్స్‌రే తీసి 1954లో మూడు పోగుల మెలిక అని ప్రతిపాదించారు. మీ సిలబస్‌లో ఉండే రామచంద్రన్ ప్లాట్ 1963లో వచ్చింది. టైముంటే ఒక స్లైడ్ వెయ్యి.

నీ సొంత ప్రశ్నకి ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్నవాళ్లు చెబితే బాగుంటుంది. నేను బయటికొచ్చేశాను.

జవాబు: గచ్చిబౌలి_ప్రొటీన్

మైత్రి గారూ, నేను పీహెచ్‌డీ నాలుగో సంవత్సరం, స్ట్రక్చరల్ బయాలజీ (ప్రొటీన్ లాంటి అణువుల ఆకారం తేల్చే పని). మీ సీనియర్ చెప్పింది సగమే. ఆల్ఫాఫోల్డ్ చాలా గొప్పది, 2024 కెమిస్ట్రీ నోబెల్లో దానికీ వాటా ఉంది. కానీ అది నేర్చుకున్నది ప్రయోగాలతో తేల్చిన నిర్మాణాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచే. 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైన ఆ బ్యాంక్‌లో ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌రేలతో తీసినవే.

మా ల్యాబ్‌లో ఆల్ఫాఫోల్డ్ రోజూ వాడతాం. క్రిస్టల్ డేటా వచ్చాక ఫేజ్ సమస్య ఉంటుంది కదా (మచ్చలు తరంగాల బలమే చెబుతాయి, వాటి ఫేజ్ చెప్పవు), దాన్ని విప్పడానికి ముందు ఆ మోడల్‌నే పెట్టి చూస్తాం. అంతకుముందు సెలీనియం కలిపిన ప్రొటీన్ చేసి తంటాలు పడేవాళ్లు. కానీ ఒక మందు అణువు ప్రొటీన్ మీది గుంటలో సరిగ్గా ఎలా కూర్చుంది, పక్కన ఏ నీటి అణువు పట్టుకుని ఉంది అని ఖాయం చేసుకోవాలంటే ప్రయోగం చేయాల్సిందే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనాలయంలో రాజన్ శంకరనారాయణన్ గారి బృందం పని చూడండి. ప్రొటీన్ తయారయ్యేటప్పుడు పొరపాటున వచ్చే డి-అమైనో ఆమ్లాల్ని తీసేసే ఎంజైమ్, సరైన ఎల్-అమైనో ఆమ్లాన్ని మాత్రం ఎలా ముట్టుకోకుండా వదిలేస్తుందో క్రిస్టల్ నిర్మాణంతోనే బయటపెట్టారు.

పని మాత్రం సరళ మేడమ్ కాలంలోలా లేదు. క్రిస్టల్‌ని చిన్న నైలాన్ లూప్‌తో పట్టి లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచుతాం. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ (చాలా శక్తిమంతమైన ఎక్స్‌రేలిచ్చే పెద్ద యంత్రం) ఉంది. విదేశీ సింక్రోట్రాన్‌లకైతే క్రిస్టల్స్‌ని కొరియర్‌లో పంపి, ఇక్కడే కూర్చుని కంప్యూటర్ మీద డేటా తీసుకోవచ్చు. అరవై గంటలు కాదు, నిమిషాలు. కానీ ఆ క్రిస్టల్ రావడానికి ఏడాది పట్టొచ్చు, రాకపోవచ్చు కూడా. నాకు రెండో ప్రొటీన్ అసలు పెరగలేదు, దాన్ని వదిలేసి క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించిన అణువుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) నేర్చుకున్నాను. మీరు చేరితే ఆ రెండూ నేర్పే ల్యాబ్ చూసుకోండి. ఎక్స్‌రే ఒక్కటే పట్టుకు కూర్చోవద్దు.

డబ్బు సంగతి నాన్నగారికి సూటిగా చెప్పండి. సీఎస్‌ఐఆర్ నెట్ గానీ డీబీటీ పరీక్ష గానీ రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. నెలనెలా రాకపోవచ్చు, ఒక్కోసారి కొన్ని నెలలది కలిపి పడుతుంది, కాబట్టి చేతిలో కొంత దాచుకోవాలి.

క్యూసీ ఉద్యోగాన్ని శత్రువులా చూడకండి. మన ఊరి ఫార్మా కంపెనీల్లో పౌడర్ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌ఆర్‌డీ) మెషీన్లు చాలా ఉన్నాయి. ఒకే మందు రెండు మూడు క్రిస్టల్ రూపాల్లో ఉండొచ్చు, కావాల్సిన రూపం తప్పితే అది ఒంట్లో సరిగా కరగకపోవచ్చు. 1998లో రిటొనావిర్ అనే హెచ్‌ఐవీ మందులో ఉన్నట్టుండి కొత్త క్రిస్టల్ రూపం పుట్టుకొచ్చింది. అది సరిగా కరగకపోవడంతో క్యాప్సూల్స్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇంటర్వ్యూకి వెళ్తే ఎక్స్‌ఆర్‌డీ ఉన్న సెక్షన్ అడగండి. ఆరు నెలలు అక్కడ పనిచేస్తూ నెట్ రాసినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ఈలోగా సమ్మర్ ట్రైనింగ్‌కి రెండు మూడు ల్యాబ్‌లకు మెయిల్ పెట్టండి, క్రిస్టల్ ట్రేలు మీ చేత్తో వేసి చూడండి. మెయిల్ ఎలా రాయాలో కావాలంటే నాకు మెసేజ్ చేయండి, నేను పంపింది చూపిస్తాను.